ఏటికి చేసిన చికిత్స

పారే ఏటిలో విషం కలపటం మహాపాపమని మన పెద్దలు అంటారు. చట్టం కూడా దాన్ని నేరంగానే చూస్తుంది. అలాంటిది, చేపల రక్షణ కోసం పనిచేసే శాస్త్రజ్ఞులే పట్టపగలు, ప్రభుత్వ అనుమతితో, ఒక ఏటిలో విషం కలిపారంటే మీరు నమ్ముతారా? అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. 2012లో ఒకసారి, 2013లో మరొకసారి. ఆ ఏరు దక్షిణాఫ్రికాలో ఉంది. దాని పేరు రోండెగాట్.

ఎందుకలా చేశారు? చేపలను చంపితే ఏరు బాగుపడటమేమిటి? ఉన్న ప్రాణులన్నీ పోయాక ఆ ఏటికి మళ్లీ ప్రాణం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తెలుసుకుందాం.

కొండల నడుమ చిన్న ఏరు

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరానికి ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో సెడర్‌బర్గ్ అనే పర్వత శ్రేణి ఉంది. రోండెగాట్ ఆ కొండల్లో పుట్టి, రాళ్ల మీదుగా గలగలా పారి, చివరకు క్లాన్‌విలియం అనే పెద్ద జలాశయంలో కలుస్తుంది. ఆ జలాశయం ఒలిఫాంట్స్ అనే నది మీద కట్టినది. రోండెగాట్‌ను మన గోదావరితోనో కృష్ణతోనో పోల్చకండి. వేసవిలో చాలా చోట్ల మోకాలి లోతు నీటిలో నడచి దాటగలిగినంత చిన్న ఏరు అది.

ఏరు చిన్నదే గాని, అందులోని చేపలు మాత్రం అపురూపమైనవి. ఎర్రరెక్కల చేపలు రెండు రకాలు ఉన్నాయి. ఇవి వేలెడంత ఉంటాయి. రెక్కల మొదళ్లు నిప్పు కణికల్లా ఎర్రగా మెరుస్తాయి. రాళ్ల సందుల్లో దాగి ఉండే చిన్న మీసాల చేప ఒకటి ఉంది. గెలాక్సియాస్ అనే, పొలుసులు లేని సన్నని చేప ఇంకొకటి. వీటన్నిటికంటే పెద్దది పసుపు చేప. అది మీటరుకు దగ్గరగా పెరుగుతుంది. వీటిలో గెలాక్సియాస్ తప్ప మిగిలినవి ఒలిఫాంట్స్ నదిలోను, దాని ఉపనదులలోను తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించవు. అక్కడ అంతరిస్తే భూమి మీదనే అంతరించినట్లు. ఒక ప్రాంతానికి మాత్రమే పరిమితమైన ఇలాంటి జీవులను స్థానీయ జీవులు అంటారు.

పిలిచి తెచ్చుకున్న అతిథి

చిన్ననోటి బాస్ అనేది ఉత్తర అమెరికాకు చెందిన చేప. గాలానికి చిక్కినప్పుడు గట్టిగా పెనుగులాడుతుంది. అందుకే సరదాకు గాలం వేసేవారికి అదంటే మహా ఇష్టం. ఆ సరదా కోసమే 1937లో దాన్ని దక్షిణాఫ్రికాకు తెచ్చారు. ఆ తరువాతి దశాబ్దంలో అది ఒలిఫాంట్స్ నదిలోకి చేరింది. నది నుంచి జలాశయంలోకి, అక్కడి నుంచి ఎదురీదుకుంటూ రోండెగాట్ లోకి ఎక్కింది.

అమెరికాలోని ఏళ్లలో బాస్ చేపను చూసి పారిపోవటం, దాక్కోవటం అక్కడి చిన్న చేపలు వేల ఏళ్లుగా నేర్చుకున్నాయి. దక్షిణాఫ్రికా చిన్న చేపలకు ఆ అవసరం ఎన్నడూ రాలేదు. చేపలనే ప్రధానంగా వేటాడి తినే పెద్ద చేప ఏదీ వాటి ఏటిలో లేదు. పిల్లిని ఎన్నడూ చూడని ఎలుకలున్న ఇంట్లోకి పిల్లి ప్రవేశిస్తే ఏమవుతుంది? అక్కడా అదే జరిగింది.

బాస్ పాకిన మేరకు ఎర్రరెక్కల చేపలు మాయమయ్యాయి. మీసాల చేపలు, గెలాక్సియాస్ కూడా కనిపించకుండా పోయాయి. మిగిలినవి బాస్ నోటికి పట్టనంత పెద్దగా ఎదిగిన కొద్దిపాటి పసుపు చేపలు మాత్రమే. అవి గుడ్లు పెట్టినా పిల్లలు బతికేవి కావు. పిల్లలు లేని ఊరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

చేప మాయమైతే ఆ లోటు చేపతో ఆగదు. చిన్న చేపలు నీటి పురుగులను తింటాయి. నీటి పురుగులు రాళ్ల మీది నాచును గీకి తింటాయి. ఈ ఆహారపు గొలుసులో ఒక లంకె తెగితే తక్కిన లంకెలన్నీ కదులుతాయి. బాస్ వచ్చిన భాగంలో ఉన్న పురుగుల సమాజం, బాస్ లేని భాగంలోని సమాజం ఒకేలా లేవని పరిశీలకులు గమనించారు.

కాపాడిన జలపాతం

అయితే బాస్ ఏరంతా ఆక్రమించలేకపోయింది. దారిలో ఒక జలపాతం అడ్డం వచ్చింది. బాస్ దాన్ని ఎగబాకలేకపోయింది. జలపాతానికి పైన ఎర్రరెక్కల చేపలు ఎప్పటిలాగే గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. జలపాతానికి కింద ఒక్కటీ లేదు. రెంటి మధ్య తేడా కొన్ని అడుగుల ఎత్తు మాత్రమే!

ఈ జలపాతాన్ని గుర్తుంచుకోండి. మన కథకు కీలకం ఇదే.

గాలం, వల, విషం

పై నుంచి జలపాతం, కింద నుంచి ఒక చిన్న అడ్డుకట్ట. ఈ రెంటి నడుమ సుమారు 4 కిలోమీటర్ల ఏరు. ఈ భాగం నుంచి బాస్‌ను పూర్తిగా తొలగించాలని అక్కడి ప్రకృతి సంరక్షణ సంస్థ కేప్‌నేచర్ నిశ్చయించింది. కింద ఉన్న అడ్డుకట్టను ముందుగా బాగుచేయించారు. లేకపోతే ఎంత శుభ్రం చేసినా జలాశయంలోని బాస్ మళ్లీ ఎక్కివస్తుంది. ముందు తలుపు వేసి, తరువాత ఇల్లు ఊడవాలి గదా!

మరి వలలతోనే ఎందుకు పట్టలేదు? లెక్క చూడండి. వెయ్యి చేపల్లో 990 పట్టారనుకుందాం. పదిలో ఆరు ఆడవి అయినా చాలు. ఒక్కో ఆడ బాస్ వేల గుడ్లు పెడుతుంది. పైగా ఇప్పుడు పోటీ లేదు, తిండి బోలెడు. కొద్ది ఏళ్లలో కథ మొదటికి వస్తుంది. నూటికి తొంభై తొమ్మిది మార్కులు వచ్చినా తప్పినట్లే లెక్కయిన పరీక్ష ఇది. రాళ్ల సందుల్లో, వేళ్ల కింద, లోతు మడుగుల్లో దాగిన చివరి చేపను కూడా చేరగలిగింది ఒకటే: నీటిలో కరిగి నీటితో పాటు ప్రవహించే మందు.

ఆ మందు పేరు రోటెనోన్. ఇది చిక్కుడు, కంది కుటుంబానికి చెందిన కొన్ని ఉష్ణమండల మొక్కల వేళ్లలో దొరుకుతుంది. మన పొలం గట్ల మీద మొలిచే వెంపలి చెట్టు మీకు తెలుసు గదా? ఆ జాతి మొక్కల్లో కూడా రోటెనోన్, దాని బంధువులైన పదార్థాలు ఉంటాయి. ఇలాంటి మొక్కలను దంచి మడుగుల్లో కలిపి, తేలిన చేపలను పట్టుకోవటం చాలా దేశాల గిరిజనులకు అనాదిగా తెలిసిన విద్యే.

రోటెనోన్ ఎలా పనిచేస్తుంది?

మన శరీరంలోని ప్రతి కణంలోను మైటోకాండ్రియా అనే చిన్న చిన్న భాగాలు ఉంటాయని మీరు చదువుకున్నారు. ఆహారాన్ని, ఆక్సిజన్‌ను ఉపయోగించి శక్తిని తయారుచేసే పొయ్యిలు అవే. రోటెనోన్ ఈ పొయ్యిలో ఒక మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. అప్పుడు నీటిలో ఆక్సిజన్ ఉన్నా, రక్తంలోకి చేరినా, కణం దాన్ని వాడుకోలేదు. కూడు ముందున్నా నోరు పెగలని వాడి స్థితి అది.

చేప మొప్పలు చాలా పలుచన. వాటి గుండా రోటెనోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకే అతి తక్కువ మోతాదు చాలు. లీటరు నీటికి కొన్ని పదుల మైక్రోగ్రాములు మాత్రమే. 50 మైక్రోగ్రాములు అనుకుంటే, ఒక్క గ్రాము మందు 20,000 లీటర్లకు సరిపోతుంది. కావాలంటే మీరే లెక్క కట్టి చూడండి. అదే మనుషులు, పశువులు, పక్షులు ఇంత పలుచని నీటిని తాగితే మందు కడుపులోకి పోతుంది. అక్కడ చాలా భాగం విరిగిపోతుంది. ఎండకు, వేడికి కూడా రోటెనోన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఏళ్ల తరబడి మట్టిలో పేరుకుపోయే డి.డి.టి. లాంటిది కాదు.

అంతమాత్రాన అది నిరపాయమైనదని అనుకోకూడదు. మొప్పలతో ఊపిరి పీల్చే ప్రతి జీవికీ దానితో గండమే. బాస్‌తో పాటు ఆ భాగంలోని పసుపు చేపలూ చస్తాయి. మేఫ్లై, తూనీగ వంటి కీటకాల పిల్లలు నీటిలోనే పెరుగుతాయి. వాటిలో చాలావాటికి మొప్పలుంటాయి. అవీ చస్తాయి.

కొండనాలుకకు మందు వేస్తే

అందుకే ఈ పథకాన్ని అందరూ మెచ్చుకోలేదు. గాలం వేసేవారు తమ ఇష్టమైన చేపను చంపుతారా అని కోపగించారు. మరికొందరి అభ్యంతరం ఇంకా బలమైనది. ఆ కొండవాగుల్లోని కీటకాల్లో కూడా మరెక్కడా లేనివి ఉన్నాయి. చేపలను కాపాడబోయి పురుగులను పోగొట్టుకుంటే ఎలా? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుందేమో!

ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. శాస్త్రజ్ఞులు కూడా కొట్టిపారేయలేదు. బాస్‌ను చంపటానికి కనీసం ఎంత మోతాదు చాలునో ముందుగా పరీక్షలు చేసి తేల్చారు. పర్యావరణం మీద ప్రభావాన్ని అంచనా వేయించారు. అన్నిటికంటే ముఖ్యంగా, మందు వేయటానికి ముందే ఏటిలో ఏ చేపలు, ఏ పురుగులు, ఎన్ని ఉన్నాయో లెక్కలు రాసుకున్నారు. ముందు లెక్క లేనిదే తరువాతి లెక్కకు అర్థం లేదు.

మరో తెలివైన పని చేశారు. మందు వేసే భాగంలోనే కాక, జలపాతానికి పైన, మందు తగలని భాగంలో కూడా లెక్కలు తీశారు. ఎందుకంటారా? మందు వేశాక పురుగులు తగ్గాయనుకోండి. అది మందు వల్లనా, ఆ ఏడు వరదల వల్లనా? పై భాగంలో తగ్గకుండా కింది భాగంలోనే తగ్గితే కారణం మందే అని చెప్పవచ్చు. మీరు ప్రయోగశాలలో ఒక మొక్కకు ఎరువు వేసి, పక్కనే ఎరువు వేయని మొక్కను ఉంచినట్లే ఇది. జలపాతం అక్కడ ప్రయోగశాల గోడగా పనికివచ్చింది.

ఆ రోజు

చికిత్సకు వేసవి చివరి రోజులను ఎంచుకున్నారు. కేప్ ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి నెలలు వేసవి చివరి భాగం. అక్కడ వానలు శీతాకాలంలో, అంటే మన జూన్, జులై, ఆగస్టు నెలల్లో కురుస్తాయి. కనుక వేసవి చివర ఏరు బాగా సన్నగిల్లుతుంది. నీరు తక్కువైతే మందూ తక్కువే చాలు.

ఏటి పొడవునా అక్కడక్కడ మందు పాత్రలు అమర్చి, ఆసుపత్రిలో సెలైను ఎక్కించినట్లు చుక్కలు చుక్కలుగా నీటిలోకి వదిలారు. నీరు నిలిచిన మూలల్లో చేతి పంపులతో చల్లారు. కింది అడ్డుకట్ట దగ్గర మరొక బృందం పొటాషియం పర్మాంగనేటు కలుపుతూ నిలబడింది. బావినీటిని శుద్ధి చేయటానికి వాడే ఊదారంగు పలుకులు మీలో కొందరు చూసే ఉంటారు, అవే. పర్మాంగనేటు శక్తివంతమైన ఆక్సీకరణి. అది రోటెనోన్‌ను ఆక్సీకరణం చెందించి నిర్వీర్యం చేస్తుంది. ఆ విధంగా మందు దిగువకు పోకుండా జాగ్రత్త పడ్డారు.

చచ్చి తేలిన చేపలను ఏరి లెక్కపెట్టారు. ఒక్క బాస్ అయినా తప్పించుకుందేమోనన్న జాగ్రత్తతో మరుసటి ఏడు, 2013లో, రెండవసారి మందు వేశారు.

తిరిగి వచ్చినవారు

మందు వేసిన వెంటనే తీసిన లెక్కల్లో అభ్యంతరం చెప్పినవారి మాట నిజమేనని తేలింది. నీటి పురుగులు తగ్గాయి. కొన్ని రకాలు కనిపించనే లేదు. మందుకు ఎక్కువగా బలైనవాటిలో మేఫ్లై పిల్లలు ఉన్నాయి. ఈ నష్టాన్ని శాస్త్రజ్ఞులు దాచలేదు, పత్రికల్లో ప్రకటించారు.

తరువాత నెలలు గడిచాయి. శీతాకాలపు వానలు కురిశాయి. ఏడాది తిరిగేసరికి పురుగులు చాలావరకు కోలుకున్నాయి. ఎలా? నీటి పురుగులు ఎప్పుడూ కొద్దికొద్దిగా ప్రవాహంలో కొట్టుకుపోతూ ఉంటాయి. పై భాగం నుంచి అలా వచ్చినవి కింద ఖాళీగా ఉన్న రాళ్లను పట్టుకున్నాయి. ఇక పెద్దయిన మేఫ్లైలకు, తూనీగలకు రెక్కలున్నాయి. అవి ఎగిరివచ్చి గుడ్లు పెట్టాయి.

చేపలకు రెక్కలు లేవు. అయినా జలపాతం పై నుంచి కిందికి దిగటానికి ఎగరనక్కరలేదు. అదే జలపాతం! బాస్‌ను పైకి ఎక్కనీయలేదు గాని, ఎర్రరెక్కల పిల్లలను కిందికి దిగనిచ్చింది. శాస్త్రజ్ఞులు నోట గాలిగొట్టం పెట్టుకుని నీటిలో తల ముంచి ఈదుతూ చేపలను లెక్కపెట్టారు. నీటి అడుగున కెమెరాలు ఉంచి చిత్రాలు తీశారు. బాస్ లేదు. దశాబ్దాలుగా ఒక్కటీ కనిపించని చోట ఎర్రరెక్కల చేపలు కనిపించాయి. మొదటి చికిత్స జరిగిన రెండేళ్లలోపలే వాటి సంఖ్య గణనీయంగా పెరిగింది. పసుపు చేప పిల్లలు కూడా కనిపించసాగాయి. పిల్లలున్న ఊరయింది అది మళ్లీ.

ఇల్లు అలకగానే పండగ కాదు

ఇప్పుడు మన మూడవ ప్రశ్నకు జవాబు దొరికింది. బాస్‌ను తీసివేయటం వల్ల ఏటికి ప్రాణం రాలేదు. తీసివేయటం వల్ల ఖాళీ మాత్రమే వచ్చింది. ప్రాణం జలపాతం పై నుంచి వచ్చింది. ఆ పై భాగంలో ఎర్రరెక్కల చేపలు మిగిలి ఉండకపోతే, 4 కిలోమీటర్ల ఏరు శుభ్రంగా, ఖాళీగా, ఎవరూ లేని ఇల్లులా పడి ఉండేది. ఇల్లు అలకగానే పండగ కాదు, చుట్టాలు రావాలి. చుట్టాలు ఎక్కడో బతికి ఉండాలి.

కనుక ఏ ఏటినైనా బాగుచేయాలనుకునేవారు అడగవలసిన మొదటి ప్రశ్న, దేన్ని తీసివేయాలన్నది కాదు. తీసివేశాక తిరిగి రావటానికి ఎవరు మిగిలి ఉన్నారన్నది. రైతు పంటంతా అమ్మినా విత్తనాల గరిసె మీద చేయి వేయడు. కొండ మీది వాగులు, జలపాతాల పై మడుగులు, అడవుల్లోని చెలమలు మన నదులకు విత్తనాల గరిసెల వంటివి.

మరొక సంగతి కూడా మరవరాదు. ఈ చికిత్స 4 కిలోమీటర్లకే. కింద క్లాన్‌విలియం జలాశయంలో బాస్ అలాగే ఉంది. అంత పెద్ద జలాశయానికి మందు వేయటం అయ్యే పని కాదు. పైన సహజమైన అడ్డు, కింద కట్టిన అడ్డు, సన్నని ప్రవాహం, పైన మిగిలిన చేపలు: ఈ నాలుగూ ఒకచోట కుదిరాయి కనుకనే రోండెగాట్‌లో విజయం లభించింది. ఇవి కుదరని చోట ఇలాంటి సాహసం చేయకూడదు. శిక్షణ పొందినవారు, అనుమతితో చేసిన పని ఇది. ఊరి చెరువులో ఎవరుబడితే వారు చేయదగినది కాదు.

మన నీళ్ల మాట

మన దేశానికీ పరాయి చేపలు వచ్చాయి. ఆఫ్రికాకు చెందిన తిలాపియాను 1952లో తెచ్చారు. పెంపకానికని తెచ్చిన అది చెరువులు దాటి నదుల్లోకి పోయింది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఇతర చేపలను కబళించే రకం. దాని పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఇక అక్వేరియం అద్దాలకు అంటుకుని నాచు గీకే సక్కర్ చేపను చూశారా? దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ ముళ్ల చేప కృష్ణా డెల్టా నీళ్లలో కూడా పట్టుబడుతోంది. వలలో పడితే ముళ్లతో వలను చింపి మత్స్యకారులకు నష్టం తెస్తుంది. దాన్ని కొనేవారు లేరు.

గోదావరికి, కృష్ణకు రోండెగాట్ చికిత్స పనికిరాదు. అంత నీటికి మందు లేదు, అంత ప్రవాహానికి అడ్డులేదు. మనకున్న మందు ఒక్కటే: పరాయి చేపను నీటిలోకి వదలకపోవటం. సక్కర్ చేపను ఎవరూ పడవల మీద తెచ్చి కృష్ణలో పోయలేదు. తొట్టెలో ఇమడనంత పెరిగిందనో, చంపటానికి చేతులు రాకనో, జాలిపడి కాలువలో వదిలేసేవారు ఉన్నారు. ఆ జాలి ఒక్క చేప మీద. దాని ఫలితం మాత్రం వేల చేపల మీద.

మీ ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో అలాంటి చేప ఉండి, ఇక పెంచలేమనుకుంటే దాన్ని కాలువలో వేయకండి. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెంచగలవారికి ఇవ్వండి. వచ్చే సెలవుల్లో మీ ఊరి చెరువు దగ్గర వల లాగేచోటికి వెళ్లి, పడిన చేపల్లో మన చేపలేవో, పరాయి చేపలేవో పెద్దవాళ్లను అడిగి ఒక పట్టిక రాయండి. పూర్వం పడుతూ ఇప్పుడు పడని చేపల పేర్లు కూడా అడగండి. తేదీ వేసి దాచండి. రోండెగాట్‌లో శాస్త్రజ్ఞులు మొట్టమొదట చేసిన పనీ అదే.